ప్రొక్లెయిన్‌కీ ప్రహరీ గోడకీ మధ్య సందు: విజయవాడ సెల్లార్ తవ్వకంపై ఒక కేస్ స్టడీ

భవన నిర్మాణ సైట్లలో భద్రతా పర్యవేక్షణ నా వృత్తి. ఇక్కడ వివరిస్తున్న ప్రమాదం విజయవాడలో, కానూరు పరిసరాల్లో, ఒక అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ తవ్వుతుండగా జరిగింది. కారణాలు పరిశీలించి, పని తిరిగి మొదలుపెట్టడానికి పద్ధతి నిర్ణయించమని ఆ కాంట్రాక్టర్ నన్ను మర్నాడు పిలిచారు. బాధితుడి పేరు, సంస్థల పేర్లు, చిరునామా ఇవ్వడం లేదు. కొలతలు, పని జరిగిన తీరు మాత్రం పూర్తిగా రాస్తున్నాను. ఇరుకు స్థలంలో, పక్కింటి గోడను ఆనుకుని, రాత్రిపూట తవ్వే సైట్లు పోరంకి, గొల్లపూడి మొదలుకొని గుంటూరు వరకు అనేకం ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల ఇదే అమరిక నాకు కనిపిస్తూ ఉంటుంది.

సైట్ పరిస్థితి

స్థలానికి రోడ్డు వైపు వెడల్పు దాదాపు 20 మీటర్లు. ఎడమ పక్క పొరుగువారి ఇటుక ప్రహరీ గోడ, కుడి పక్క ఖాళీ స్థలం. తవ్వవలసిన లోతు మూడున్నర మీటర్లు. పైన మీటరున్నర మందాన నల్లమట్టి, దాని కింద ఇసుక కలిసిన కృష్ణా ఒండ్రు. డెల్టాలో తవ్వకం పని చేసిన వారికి ఈ రెండు పొరల స్వభావం తెలిసినదే. ఎండాకాలంలో కాలువలు కట్టేసి ఉన్నప్పుడు పొడిగా నిలబడిన గుంట, కాలువలకు నీళ్ళు వదిలాక అడుగు నుంచి ఊరడం మొదలుపెడుతుంది. ఇక్కడ కూడా తవ్వకం వేసవిలో మొదలు కావలసింది, అనుమతుల ఆలస్యం వల్ల బందరు కాలువ పారుతున్న రోజుల్లోకి వచ్చింది. అందువల్ల రాత్రంతా నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్ నడపవలసి వచ్చింది. ఈ ఇంజన్ ఎక్కడ పెట్టారన్నదే ఈ కేసులో కీలకం కాబట్టి దీన్ని ముందుగా చెబుతున్నాను.

పగటిపూట నగరంలో భారీ వాహనాల రాకపోకలపై ఆంక్షలు ఉండడంతో మట్టి తోలే టిప్పర్లు రాత్రి మాత్రమే వచ్చేవి. తవ్వకానికి 20 టన్నుల తరగతి ప్రొక్లెయిన్, అంటే ఇనుప ట్రాకుల మీద నడుస్తూ పై భాగం గుండ్రంగా తిరిగే తవ్వకం యంత్రం, అద్దెకు తెచ్చారు. ఆపరేటర్ బీహార్ నుంచి వచ్చిన అనుభవజ్ఞుడు, తెలుగు చాలా తక్కువ తెలుసు. హెల్పర్లు శ్రీకాకుళం జిల్లా నుంచి మేస్త్రి ద్వారా వచ్చినవారు. మొత్తం సైట్‌లో ముప్పై మంది కూడా లేరు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 500 మంది లేదా అంతకు మించి ఉన్న చోట సేఫ్టీ ఆఫీసర్‌ను తప్పనిసరి చేసింది, 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. ఈ రెండు లెక్కల్లోనూ ఇటువంటి సైట్లు బయటే మిగిలిపోతాయి. మన నగరాల్లో ఎక్కువ తవ్వకాలు జరిగేది మాత్రం ఈ చిన్న సైట్లలోనే.

యంత్రం నిలిచిన చోటు

ఆ రాత్రి యంత్రం నేలమట్టం మీద నిలబడి, ముఖం గుంట వైపు పెట్టి, తవ్వుకుంటూ రోడ్డు వైపు వెనక్కి జరుగుతోంది. టిప్పర్ దాని కుడి పక్కన ఆగుతుంది. ఎడమ పక్క ప్రహరీ గోడ. గోడ పునాది కదలకుండా దాని వెంబడి మీటరు వెడల్పున గట్టు వదిలి తవ్వారు. ఆ గట్టు మీద, యంత్రానికి ముందు, గుంట అంచునే డీజిల్ ఇంజన్ పెట్టారు. డీజిల్ డ్రమ్ము రోడ్డు దగ్గర, కాపలా షెడ్డు పక్కన ఉంది. ఇంజన్ ట్యాంకు చిన్నది కావడం వల్ల రాత్రిలో పలుమార్లు డీజిల్ పోయవలసి ఉంటుంది. షెడ్డు నుంచి ఇంజన్ దగ్గరకు వెళ్ళడానికి రెండే దారులున్నాయి. ఒకటి యంత్రానికీ గోడకీ మధ్య సందు, రెండోది టిప్పర్లు రివర్స్‌లో వచ్చి ఆగే కుడి వైపు. హెల్పర్లందరూ మొదటి దారినే ఎంచుకున్నారు. టిప్పర్ వెనక నడవడం ప్రమాదమని వారికి తెలుసు, ఆ జాగ్రత్త వారు తీసుకున్నారు.

ప్రమాదం

అర్ధరాత్రి దాటాక ఒక హెల్పర్ 20 లీటర్ల డీజిల్ క్యాన్ పట్టుకుని సందులోకి ప్రవేశించాడు. వయసు పాతికేళ్ళ లోపే. అతడు బకెట్ గుంటలోకి దిగడం చూసి అడుగు వేశాడని తోటి హెల్పర్ చెప్పాడు. బకెట్ మట్టిలోకి దిగితే అది నిండే వరకు యంత్రం తిరగదు, ఈలోగా దాటిపోవచ్చని వాళ్ళందరూ అలవాటు చేసుకున్న లెక్క. కానీ ఆ సమయంలో ఆపరేటర్ మట్టి తీయకుండానే బకెట్ పైకెత్తి, టిప్పర్‌లో కుప్పగా ఉన్న మట్టిని అదిమి సర్దడానికి కుడికి తిప్పాడు. బకెట్‌ను మోసే పొడవాటి చేయి, అంటే బూమ్, కుడికి వెళ్ళినప్పుడు యంత్రం వెనక సమతూకం కోసం ఉన్న బరువైన కౌంటర్‌వెయిట్ ఎడమకు, అంటే గోడ వైపుకు వస్తుంది. హెల్పర్ కౌంటర్‌వెయిట్‌కీ గోడకీ మధ్య నడుము దగ్గర చిక్కుకున్నాడు.

కేక విని ఆపరేటర్ లివర్లు వదిలేశాడు. అప్పటికి ఏం జరిగిందో అతడికి కనిపించలేదు. నలుగురైదుగురు పరుగెత్తుకొచ్చి తలా ఒక రకంగా చేతులు ఊపారు. కొందరి సైగలకు బండి ముందుకు తీయమనీ, మరికొందరి సైగలకు తిప్పమనీ అర్థం వచ్చింది. ఆ స్థితిలో ట్రాకులు కదిపి ఉంటే ఆ యువకుడు గోడకు రాసుకుపోయేవాడు. ఆపరేటర్ ఎవరి సైగా తీసుకోకుండా, తాను ఆఖరుగా ఏ దిక్కుకు తిప్పాడో దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు నెమ్మదిగా తిప్పి అతడిని విడిపించాడు. ఈ నిర్ణయమే ఆ హెల్పర్ ప్రాణం నిలిపిందని నా అభిప్రాయం, నివేదికలో కూడా అలాగే రాశాను.

ఆ తరువాత జరిగినది మాత్రం బాధాకరం. 108కి ఫోన్ చేశారు కానీ, అంబులెన్స్ వచ్చేలోగా అతడిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు ఎత్తి రోడ్డు మీదకు మోసుకొచ్చారు. అతడికి కటి ఎముక విరిగింది. అటువంటి గాయంలో మనిషిని కూర్చోబెడితే విరిగిన ఎముకలు కదిలి లోపల రక్తస్రావం పెరుగుతుంది. వెల్లకిలా, ఉన్నచోటే కదలకుండా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ దగ్గరకు చేర్చి, తుంటి చుట్టూ దుప్పటితో గట్టిగా కట్టి ఉంచాలి. అంబులెన్స్ సిబ్బంది వచ్చి స్ట్రెచర్ మీదకు మార్చే వరకు లేపకూడదు. నీళ్ళు తాగించకూడదు. మోసుకొచ్చిన వారి ఆత్రుత అర్థం చేసుకోదగినదే, వారికి ఈ మాట ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. అతడు బతికాడు, చాలా నెలల తరువాత నడిచాడు.

తొలి నివేదికలో లోపం

నేను వెళ్ళేసరికి ఒక పేజీ నివేదిక సిద్ధంగా ఉంది. అందులో కారణం అన్న చోట ‘హెల్పర్ అజాగ్రత్తగా యంత్రం దగ్గరకు వెళ్ళుట’ అని రాసి, పరిష్కారంగా అందరికీ రేడియం జాకెట్లు ఇవ్వాలనీ, రోజూ పని మొదలుపెట్టే ముందు హెచ్చరించాలనీ పేర్కొన్నారు. నేను ఈ రెండింటినీ అంగీకరించలేదు. ఆ హెల్పర్ తన పని తాను చేయడానికి వెళ్ళాడు, ఆ పని అతడికి సూపర్‌వైజర్ అప్పగించినది, ఆ పనికి వెళ్ళే దారి సైట్ అమరికే నిర్ణయించింది. కుడికి, టిప్పర్ వైపు చూస్తున్న ఆపరేటర్‌కు, తన ఎడమ వెనక భాగంలో ఎంత మెరిసే జాకెట్ ఉన్నా కనిపించదు.

ఇంకొక విషయం అక్కడ ఎవరి దృష్టికీ రాలేదు. యంత్రం ట్రాకుల మీద కదిలేటప్పుడు హారన్ మోగుతుంది. అందుచేత శబ్దం వినిపిస్తే తప్పుకోవాలని, వినిపించకపోతే యంత్రం నిలకడగా ఉందని కార్మికులు అనుకుంటారు. ట్రాకులు కదలకుండా పై భాగం మాత్రమే తిరిగినప్పుడు మామూలుగా ఆ హారన్ మోగదు. మనిషిని నలిపే కదలికకే హెచ్చరిక లేకపోవడం ఈ యంత్రంతో పనిచేసే ప్రతివారూ తెలుసుకోవలసిన విషయం.

కొలతలు చెప్పిన నిజం

మర్నాడు యంత్రాన్ని కదపనివ్వకుండా టేపుతో కొలిచాను. ఈ తరగతి ప్రొక్లెయిన్‌కు రెండు ట్రాకుల బయటి అంచుల మధ్య వెడల్పు సుమారు 2.8 మీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో పక్కకు 1.4 మీటర్లు. తిరిగే కేంద్రం నుంచి కౌంటర్‌వెయిట్ చివర వరకు దూరం సుమారు 2.75 మీటర్లు. బూమ్ నేరుగా ముందుకు ఉన్నప్పుడు పై భాగం ట్రాకుల వెడల్పు దాటి పక్కకు రాదు, కౌంటర్‌వెయిట్ వెనక మాత్రమే ఉంటుంది. బూమ్ 90 డిగ్రీలు తిరిగితే అదే కౌంటర్‌వెయిట్ ట్రాకు అంచు దాటి 1.35 మీటర్లు పక్కకు వస్తుంది.

ఆ సైట్‌లో ట్రాకు అంచు నుంచి గోడ వరకు 1.6 మీటర్లు ఉంది. యంత్రం ముందుకు చూస్తున్నంత సేపు అది ఇద్దరు పక్కపక్కన నడవగల దారి. బూమ్ కుడికి తిరిగిన క్షణంలో మిగిలేది పాతిక సెంటీమీటర్లు. ఈ రెండు స్థితుల మధ్య కాలం ఎంతో కూడా చూడాలి. ఈ యంత్రాల పై భాగం పూర్తి వేగంలో నిమిషానికి 11 నుంచి 13 చుట్లు తిరుగుతుంది. కదలిక అందుకోవడం, ఆగడం కలుపుకున్నా 90 డిగ్రీలు తిరగడానికి మూడు సెకన్లు పట్టదు. ట్రాకు పొడవు నాలుగు మీటర్లు పైన ఉంటుంది కాబట్టి, చేతిలో బరువు లేకుండా మామూలుగా నడిచే మనిషికి ఆ సందు దాటడానికే మూడున్నర సెకన్లు పడుతుంది, డీజిల్ క్యాన్ మోసుకుంటూ చీకట్లో నడిచేవాడికి ఐదు సెకన్లు దాటుతుంది. అతడు లోపల ఉండగా యంత్రం తిరగడం మొదలుపెడితే పరుగెత్తి బయటపడే అవకాశం లెక్క ప్రకారమే లేదు.

వెలుతురు మరొక కారణం. రోడ్డు వైపు ఒకే స్తంభానికి ఫ్లడ్ లైటు కట్టారు. టిప్పర్, బకెట్ చక్కగా కనిపించేవి. గోడ పక్క సందు మొత్తం యంత్రం నీడలో ఉండేది. నేను రాత్రి పది గంటలకు అదే లైటు వేయించి ఆపరేటర్ సీట్లో కూర్చుని చూశాను. సందులో నిలబెట్టిన మనిషి అద్దంలో కూడా కనిపించలేదు.

చేసిన మార్పులు

మొట్టమొదట ఇంజన్‌ను గోడ పక్క నుంచి తీసివేయించాను. కుడి వైపు, టిప్పర్ ఆగే చోటుకు దూరంగా, గుంట మూలలో నీరు చేరే చిన్న గొయ్యి తీయించి, ఇంజన్‌ను అంచుకు ఎడంగా ఖాళీ స్థలంలో నిలిపి, పొడవాటి పైపు వేయించాము. గుంట అంచున అదిరే ఇంజన్ పెట్టడం మట్టి విరిగిపడటానికి కూడా కారణమవుతుంది కాబట్టి ఇది రెండు విధాల అవసరమే. పెద్ద ట్యాంకు అమర్చి, సాయంత్రం నింపితే తెల్లవారే వరకు సరిపోయేలా చేశాము. దీనితో రాత్రిపూట యంత్రం పక్కగా మనిషి వెళ్ళవలసిన పనే లేకుండా పోయింది. అన్ని మార్పుల్లోకి దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మనిషికి అక్కడ పని ఉంటే ఎన్ని హెచ్చరికలు పెట్టినా ఒకనాటికి వెళ్తాడు.

తరువాత సందు సంగతి. తిరిగే భాగానికీ కదలని అడ్డుకీ మధ్య కనీసం అర మీటరు ఖాళీ ఉండాలని బ్రిటన్ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ మార్గదర్శకం చెబుతుంది. ఆ లెక్కన ఇక్కడ ట్రాకు అంచు నుంచి గోడకు 1.85 మీటర్లు కావాలి. సందు ఆ వెడల్పున ఉన్నా నడిచే దారిగా వాడడం నాకు సమ్మతం కాదు, కనుక యంత్రాన్ని వీలైనంత కుడికి జరపడంతో పాటు సందు రెండు చివర్లనూ ఇనుప పైపులతో మూసివేయించాము. రిబ్బన్ కట్టడాన్ని ఒప్పుకోలేదు. పసుపు రిబ్బన్‌ను వంగి దాటడం మన సైట్లలో అందరికీ అలవాటైపోయింది. పైపు అడ్డు తీయాలంటే సూపర్‌వైజర్ దగ్గర ఉన్న తాళం కావాలి, తాళం తీస్తే యంత్రం ఆగాలి.

గ్రీజు పెట్టడం, బకెట్ పళ్ళు చూడడం, లెవెల్ కొలవడం వంటి పనులకు మనిషి యంత్రం దగ్గరకు వెళ్ళక తప్పదు. అందుకు ఒక క్రమం పెట్టాము. వెళ్ళవలసినవాడు దూరంగా, ఆపరేటర్ ముఖానికి ఎదురుగా నిలబడి చేయి ఎత్తుతాడు. ఆపరేటర్ బకెట్‌ను నేలకు ఆనించి, సీటు పక్కన ఉన్న లాక్ లివర్‌ను పైకి ఎత్తుతాడు. ఆ లివర్ పైకి ఉన్నంత సేపు చేతి లివర్లు తగిలినా యంత్రం కదలదు. ఆ తరువాత రెండు చేతులూ కిటికీలోంచి చూపిస్తాడు. చేతులు కనిపించాకే మనిషి అడుగు వేయాలి. ఈ క్రమానికి భాష అవసరం లేదు. బీహార్ ఆపరేటర్, శ్రీకాకుళం హెల్పర్ ఒక్క మాట పలకకుండా దీన్ని మొదటి రాత్రే పట్టుకున్నారు. లెవెల్ పట్టే కుర్రవాడు స్టాఫ్ (లోతు కొలిచే గీతల కర్ర) పట్టుకుని బకెట్ పక్కన నిలబడటం పూర్తిగా ఆపించాము. తవ్వకం ఆపి, కొలిచి, అతడు బయటకు వచ్చాక మళ్ళీ తవ్వాలి.

సిగ్నల్ ఇచ్చే బాధ్యత ఒక్కరికే అప్పగించి, వేరే రంగు హెల్మెట్ ఇచ్చాము. ఆగమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపరేటర్ పాటించాలి, మిగిలిన ఏ సైగ అయినా ఆ ఒక్కడి నుంచే తీసుకోవాలి. మనిషి చిక్కుకుంటే ఏం చేయాలో కూడా యంత్రం ఆపి చేసి చూపించాము: లివర్లు వదలడం, ట్రాకులు కదపకపోవడం, తిప్పిన దిక్కుకు ఎదురుగా నెమ్మదిగా తిప్పడం. లైట్లు రెండు వైపులా పెట్టించాము.

మట్టి కుప్పలు, గుంట అంచుల విషయం ఈ ప్రమాదానికి నేరుగా సంబంధించినది కాకపోయినా, చూసి ఊరుకోలేకపోయాను. టిప్పర్ల కోసం ఎదురు చూస్తూ తవ్విన మట్టిని అంచుకు రెండడుగుల దూరంలోనే పోస్తున్నారు. కేంద్ర ప్రజా పనుల శాఖ భద్రతా నియమావళి ప్రకారం తవ్విన మట్టి అంచుకు 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. మూడున్నర మీటర్ల లోతుకు అది 1.75 మీటర్లు. మీటరున్నర లోతు దాటిన గుంట పక్కలను వాలుగానో మెట్లుగానో కోయాలి, లేదా గట్టి చెక్కలతో ఆపాలి. కింద ఇసుక పొర, పైన బరువు, అడుగున నీరు ఉన్న చోట ఈ నియమం తప్పితే జరిగేది ఆ గుంటలో ఉన్నవారిని సజీవంగా పూడ్చడమే.

పరిహారం, అద్దె ఒప్పందం

ఆ యువకుడు మేస్త్రి మనిషి కాబట్టి తమకు సంబంధం లేదని మొదట ఒక వాదన వచ్చింది. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో 12వ సెక్షన్, పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడేనని స్పష్టంగా చెబుతుంది. ఆ సెక్షన్ చూపించాక వాదన ఆగింది. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో అతడి పేరు నమోదు కాలేదు. గత ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ళ లోపు కార్మికులు ఎవరైనా నమోదు కావచ్చు. ఆ సైట్‌లో అర్హులైన మిగతావారి దరఖాస్తులను మేస్త్రి చేత అదే వారంలో పెట్టించారు.

అన్నింటికంటే కష్టమైనది యంత్రం అద్దె సంగతి. ప్రొక్లెయిన్‌ను గంటల లెక్కన అద్దెకు తెస్తారు. మనిషి దగ్గరకు వస్తున్నాడని బకెట్ దించి, లాక్ వేసి, రెండు నిమిషాలు ఆగితే ఆ రెండు నిమిషాలూ ఎవరి నష్టమన్న ప్రశ్న ప్రతి రాత్రీ వస్తుంది. టిప్పర్ డ్రైవర్లకు తెల్లవారేలోగా ట్రిప్పులు పూర్తి కావాలి, వారు ఆపరేటర్‌ను తొందరపెడతారు. ఇటువంటి ఒత్తిడి ఉన్న చోట భద్రతా క్రమం కాగితం మీద మిగిలిపోతుంది. అందుకని కొత్త ఒప్పందంలో, లాక్ లివర్ వేసి ఆపిన సమయం కూడా పని గంటలుగానే లెక్కించి కాంట్రాక్టర్ చెల్లించాలని, అలా ఆపినందుకు ఆపరేటర్‌ను ప్రశ్నించకూడదని రాయించాము. కాంట్రాక్టర్ కొంత వెనకాడారు. ప్రమాదం తరువాత పని నిలిచిపోయిన రోజుల అద్దె, కూలీలు, చికిత్స ఖర్చుతో పోల్చి లెక్క చూపించాక అంగీకరించారు.

ఒక సమస్య పరిష్కారం కాలేదు. యంత్రం యజమాని తన వీలును బట్టి ఆపరేటర్లను మార్చి పంపుతుంటారు. నేర్పినవాడు వారం తిరిగేసరికి గన్నవరం వైపో మంగళగిరి వైపో వెళ్ళిపోతాడు, కొత్తవాడికి గోడ పక్క సందు గురించి ఏమీ తెలియదు. దీనికి సైట్ ఇంజినీర్ ఒక పద్ధతి పెట్టారు. తవ్వకం మొదలుపెట్టే ముందు తిరిగే కేంద్రం నుంచి 3.25 మీటర్ల తాడు పట్టి నేల మీద ముగ్గుతో గుండ్రంగా గీత వేయిస్తారు, ఆపరేటర్‌ను కిందకు దింపి ఆ గీత వెంబడి ఒకసారి నడిపిస్తారు. యంత్రం జరిగినప్పుడల్లా ట్రాకుల కింద గీత చెరిగిపోతుంది, మళ్ళీ వేయాలి. ముగ్గు, తాడు పట్టుకునే పని సిగ్నల్ మనిషిదే. యంత్రం జరిగి, గీత వేసి, లెవెల్ కుర్రవాడు బయట ఉన్నాడని చూసుకున్నాకే అతడు పని మొదలుపెట్టమని చేయి ఊపుతాడు.